కృష్ణయ్య రోమా టోపీ

విభూతి బుధవారం నాడు గుడిలో నుదుట బూడిద పెట్టించుకుని ఇంటికి రాగానే కృష్ణయ్య చేసే మొదటి పని అటక మీది నుంచి టోపీ దించడం. అది పాత సిల్వర్ గిన్నె. ఒకప్పుడు ఎవరింట్లోనో పప్పు ఉడికిన గిన్నే. దానికి చెవులు కప్పేలా రెండు వైపులా డబ్బా రేకు ముక్కలు కొట్టి, నడినెత్తిన ముందు నుంచి వెనక్కి కోడిపుంజు జుట్టులా ఎర్ర రంగు అద్దిన కొబ్బరి పీచు కట్టి ఉంటుంది. ఏడాదంతా అటక మీద ఉంటుంది కనుక ఒక్కోసారి ఆ పీచులో ఎలుక పిల్లలు కళ్లు తెరవకుండా పడుకుని ఉండేవి. కృష్ణయ్య వాటిని దోసిట్లో తీసుకుపోయి గడ్డివాములో వదిలి, టోపీని చింతపండు పెట్టి తోమి, ఎండలో బోర్లించేవాడు. ఆ పూట నుంచి ఈస్టర్ పండుగ దాకా, తపస్కాలం నలభై రోజులూ, వాడలో పసిబిడ్డల తల్లులు ఎవరూ ఆయన చేతికి బిడ్డను ఇచ్చేవారు కాదు.

హుజూర్‌నగర్ నుంచి ఆటోలో వస్తే కాలువ దాటగానే వచ్చే వాడ మాది. మా తాతల కాలంలో ఒక ఫాదరు సైకిలు మీద వచ్చి చెప్పిన దేవుణ్ణి నమ్ముకుని బతుకుతున్నాం. ఏటా గుడ్ ఫ్రైడే నాడు గుడి వాకిలి నుంచి పడమటి బోడగుట్ట దాకా సిలువ మార్గం ఆడతాం. ఏసుప్రభువు వేషం ఒకరు, మరియతల్లి వేషం ఒకరు, తీర్పు చెప్పే పిలాతు వేషం ఒకరు కడతారు. ఇవి చేతులు మారుతుంటాయి. ప్రభువును కొరడాతో కొట్టుకుంటూ గుట్ట దాకా తోలుకుపోయే రోమా బంటు మాత్రం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కృష్ణయ్యే.

ఆ కొరడా పట్టిన చేయి ఎలాంటిదో చెప్పాలి. కృష్ణయ్య రైసు మిల్లులో హమాలీ. బస్తాను అందరిలా దబ్బున పడేయడు. కింద ఊడ్చే ఆడవాళ్ల కళ్లల్లో దుమ్ము పడుతుందని మోకాళ్లు వంచి, పసిపిల్లను పండబెట్టినట్టు నేల మీద పెడతాడు.

"నీకు కూలి బస్తాలు మోసేటందుకు ఇస్తున్నరా, జోకొట్టేటందుకా?" అని మేస్త్రీ ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకుంటాడు. మధ్యాహ్నం సద్ది విప్పితే మొదటి ముద్ద మిల్లు గేటు దగ్గరి కుక్కది. తాగే నీళ్ల కుండ అడుగంటితే ఎవరూ చెప్పకుండానే నిండి ఉంటుంది. నింపింది ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు.

కృష్ణయ్యకు ముందు ఆ వేషం అంజన్న అనే ఆయన కట్టేవాడు. ఒక ఏడు ఆయన ఎద్దు పిడుగు పడి చచ్చింది. మరో ఏడు ఎదిగిన కొడుకు కాలువలో కొట్టుకుపోయాడు. మొదట ఎవరన్నారో తెలియదు గానీ, 'కొరడా పట్టినోని ఇంట్ల దీపం నిలవది' అనే మాట వాడలో పుట్టింది. పుట్టిన మాట అంత తొందరగా చావదు. అంజన్న టోపీని తెచ్చి గుడి మెట్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తపస్కాలమంతా అది అక్కడే ఉంది. దాన్ని దాటుకుని పూజకు పోయారు గానీ ముట్టినవాళ్లు లేరు.

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, కొత్తగా పెండ్లయిన కృష్ణయ్య వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవలో ఒకలు కొట్టాలె గదా. కొట్టెటోడే లేకపోతే ఆయన గుట్ట ఎట్ల ఎక్కుతడు? మన పాపాలు ఎట్ల పోతయి?" అన్నాడు.

ఆడవాళ్ల వైపు నిలబడి ఉన్న ఆయన పెండ్లాం సాలమ్మ, కాళ్ల పసుపు ఇంకా పోని పెండ్లికూతురు, కొంగు నోట్లో కుక్కుకుని అట్లాగే నిలబడిపోయిందని పెద్దవాళ్లు చెప్తారు.

తర్వాత వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. పండ్లు వచ్చే వేళకు విరేచనాలు పట్టుకుని పోయింది. మళ్లీ కడుపు పండలేదు. సాలమ్మ దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. పూజ తప్పలేదు, జపమాల తప్పలేదు. ఆమె కోపమంతా ఆ గిన్నె మీదే. తపస్కాలంలో ఆయనతో పాటు ఒంటిపూట ఉండేది, ఆయనకు అంబలి కాచి ఇచ్చేది, వేషానికి ఎర్ర తుండు ఉతికి ఆరేసేది. టోపీ జోలికి మాత్రం పోయేది కాదు.

"నీ గిన్నె నువ్వే దించుకో, నువ్వే ఎక్కించుకో. నా చెయ్యి దానికి తాకది."

"సరే తియ్," అనేవాడు కృష్ణయ్య.

టోపీ అంచు మొరటు రేకు. గుట్ట ఎక్కే దాకా ఎండలో చెమటకు జారి జారి ఆయన నుదుటిని కోసేది. ఏటా అదే చోట తెగి, మానిన గీత మీద ఇంకో గీత పడి, బూడిద పెట్టే చోటికి కాస్త పైన ఒక తెల్లటి మచ్చ మిగిలింది. సాలమ్మ దానికి పసుపు అద్దేది. అద్దుతూ మాట్లాడేది కాదు.

ఆట అయిన సాయంత్రం కృష్ణయ్యకు ఇంకో పని ఉండేది. ఎవరూ చెప్పింది కాదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఏడు ప్రభువు వేషం కట్టిన మనిషి ఇంటికి గిన్నెడు ఆముదం పట్టుకుని పోయి, నీళ్లు కాగబెట్టించి, వీపుకు నూనె రాసి స్నానం చేయించేవాడు. కొరడా నిజానికి పాత పంచె చీలికలు పేని ఎర్ర నీళ్లలో నానబెట్టిందే. తగిలితే చార పడుతుంది గానీ దెబ్బ కాదు. అయినా ఆయనకు ఆ చారలు తన చేత్తో కడిగితేనే రాత్రికి కన్ను మూతపడేది.

కొన్నేండ్లుగా ప్రభువు వేషం డానియల్‌ది. వరుసకు కృష్ణయ్య తమ్ముని కొడుకు, ట్రాక్టరు నడుపుతాడు.

"ఏం పెద్దబాపూ, కొట్టుడు నువ్వే, రాసుడు నువ్వేనా?"

"నోరు మూసుకొని బోర్ల పండురా. రెండోసారి పడ్డప్పుడు జర గట్టిగ తాకినట్టుంది."

"యాడ తాకింది? నువ్వు కొడుతుంటే ఈగలు తోలినట్టుంటది. జనం ఏడ్వాలంటే నేనే ఎగిరెగిరి పడాలె."

డానియల్ పెండ్లాం మెర్సీ వాకిట్లో పొయ్యి ఊదుతూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

తెలంగాణ వచ్చాక మొదటి తపస్కాలానికి మా గుడికి కొత్త ఫాదరు గారు వచ్చారు. రోమాపురిలో చదువుకుని వచ్చిన మనిషి. శుక్రవారం సాయంత్రాలు ప్రార్థన అయ్యాక మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ఆ రోమా వాళ్ల సంగతులు చెప్పేవారు. వాళ్లు పరిచిన రాతి బాటల మీద జనం ఇంకా నడుస్తున్నారని, తానూ చెప్పులు విప్పి నడిచి చూశానని అన్నారు. మన గోడకు వేలాడే క్యాలెండరు వాళ్ల లెక్కేనని, జూలై, ఆగస్టు అనేవి వాళ్ల ఏలికల పేర్లని చెప్పారు. మన గుడి తలుపు మీది కమాను కట్టే పద్ధతిని లోకమంతా పాకించింది వాళ్లేనట. నింద పడ్డవాడు తన మాట చెప్పుకునేదాకా శిక్ష వేయకూడదనే రివాజు కూడా వాళ్లకు ఉండేదట. ఓడల్లో సరుకు కోసం వచ్చేవాళ్లట, వాళ్ల రాజుల బొమ్మలున్న బంగారు కాసులు మన నల్గొండ మట్టిలోనే దొరికాయట. మన పెద్దలు ఆరాధనలో పాడింది వాళ్ల లతీను భాషలోనే అని చెప్పినప్పుడు సాలమ్మ తల ఊపింది. వాళ్ల అమ్మ ఆ పాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లనీళ్లతో పాడేది.

కృష్ణయ్య చేయి ఎత్తాడు. "ఫాదర్, గంత తెలివిగల్లోళ్లు గా సిలువ ఎందుకు పెట్టిన్రు?"

"అది వాళ్ల శిక్ష. తమ పౌరులకు మామూలుగా వేసేవాళ్లు కాదు కృష్ణయ్యా. బానిసలకు, తిరగబడినవాళ్లకు, తాము గెలిచి ఏలుకునే జనానికి వేసేవాళ్లు."

"అంటే మనసొంటోళ్లకే అన్నట్టు."

పిలాతు వేషం కట్టే జానయ్య కాస్త నవ్వు పుట్టిద్దామని, "నన్నయితే ఏమనకుండ్రి. నేను నిండు సభల గీ పాపం నాది గాదని చేతులు కడుక్కున్న," అన్నాడు.

"ఊరంతట్ల నీ చేతులే సాఫు జానయ్యా," అన్నాడు కృష్ణయ్య. "హుకుం ఇచ్చినోడు సల్లగ ఉంటడు. కొట్టినోని ఇంట్లనే దీపం ఆరుతది." తర్వాత తన అరచేతులు చూసుకుంటూ మెల్లగా అన్నాడు. "వాళ్ల రోడ్లు ఎవలకో పోయినయి. కోర్టులు ఎవలకో పోయినయి. వాళ్ల కొరడా ఒక్కటి నా చేతికొచ్చింది."

ఫాదరు గారు అడిగారు. "కొరడా ఒక్కటేనా? సత్ప్రసాదం, ఆ దీవించిన అప్పం, తీసుకునే ముందు ప్రతి పూజలో మనం తల వంచి ఒక మాట అంటాం. అది ఎవరి మాటో తెలుసా? ఒక రోమా బంటుదే. వంద మందికి పెద్ద. పనివాడు మంచాన పడితే ప్రభువు దగ్గరికి వచ్చి బతిమాలాడు. ప్రభువు నేను మీ ఇంటికి వస్తానంటే, అయ్యా, నా కప్పు కిందికి మీరు వచ్చేంత యోగ్యత నాకు లేదు, ఒక్క మాట అనండి చాలు అన్నాడు."

మా వాడలో ఆ మాటకు వేరే బరువుంది. మా కప్పుల కిందికి ఎవరు వచ్చారు, ఎవరు గడప అవతలే నిలబడి పిలిచి పోయారు అన్నది ప్రతి ఇంటికీ తెలుసు. ఏలేవాడు, చేతిలో కత్తి ఉన్నవాడు, తన ఏలుబడి కింద ఉన్న బీదవాడితో ఆ మాట అన్నాడంటే కృష్ణయ్యకు నమ్మబుద్ధి కాలేదు.

"గాయనకు గూడ నాలెక్క టోపీ ఉంటుండెనా ఫాదర్?"

"ఉండే ఉంటుంది."

ఆ రాత్రి అన్నం తింటూ సాలమ్మతో అదే చెప్పాడు. ఆమె విని, "మరి గా మంచోని ఏశమన్న కట్టరాదు?" అంది.

"శుక్రవారం ఆటల ఆయన రాడే."

నిజానికి శుక్రవారం ఆటలోనూ రోమా బంటుకు ఒక మంచి మాట ఉంది. ప్రభువు తల వాల్చాక బంటు కొరడా కింద పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, ఈయన నిజంగా దేవుని కొడుకే అనాలి. కృష్ణయ్య ఏటా అనేవాడు. అప్పటికి మైకు పట్టిన వాళ్లు మైకు బందు పెట్టి తామూ ఏడుస్తుంటారు. ఆడవాళ్ల ఏడుపు గుట్టంతా నిండి ఉంటుంది. కొరడా చప్పుడు విన్నవాళ్లం అందరం ఉన్నాం గానీ ఆ మాట విన్నవాళ్లు లేరు.

కొన్నేండ్లు గడిచాక సాలమ్మ కాళ్లకు నీరు పట్టింది. కిడ్నీలు పాడైనయన్నారు. వారంలో రెండుసార్లు సూర్యాపేట దవాఖానకు పోయి రక్తం కడిగించుకోవాలి. కృష్ణయ్య మిల్లుకు పోయిన రోజు మెర్సీ తోడు పోయేది. మా వాడ దగ్గర బస్సుకు స్టాపు లేదు. అయినా ఆ మార్గంలో వచ్చే కండక్టరమ్మ, సాలమ్మ కాలువ కట్ట మీద కనబడితే విజిల్ వేసి ఆపించేది, సీట్లో కూర్చున్నదాకా బస్సు కదలనిచ్చేది కాదు. ఆ తల్లి పేరు మాకు తెలియదు. ప్రార్థనలో 'బస్సు బిడ్డ' అని తలుచుకునేవాళ్లం.

ఆ చలికాలం ఆమె బాగా నీరసించిపోయింది. క్రిస్మస్ అయిన తర్వాత ఒక మధ్యాహ్నం కృష్ణయ్యను మంచం దగ్గరికి పిలిచింది.

"ఏమయ్యా, ఒక్కటడుగుత. కాదనకు."

"అడుగు."

"నేను ఉండంగనే ఆ గిన్నె ఎవలకన్న ఇచ్చెయ్. నా బిడ్డను తిన్న టోపీ అది. రేపు నేను పోతే నువ్వు ఒక్కనివే ఉంటవు. నీకు గూడ ఏమన్నయితే నీళ్లు పోసెటోళ్లు లేరు. అది నీ నెత్తి మీద ఉండంగ నా పాణం సుకంగ పోదు."

దీపం మాట మీద కృష్ణయ్యకు నమ్మకం లేదు. బిడ్డ ఎందుకు పోయిందో దేవునికి తెలుసు, ఆ కాలంలో ఇసుకలో గుంట తవ్వి తోడిన చెలిమె నీళ్లు తాగిన ఇండ్లకూ తెలుసు. కానీ ఆమె కండ్లు చూసి, "ఇస్త. ఈ తపస్సుకు కట్టను," అని చేతిలో చేయి వేశాడు.

విభూతి బుధవారం నాడు టోపీని తోమకుండానే తెచ్చి గుడిలో అందరి ముందూ పెట్టాడు. "సాలమ్మకు మాటిచ్చిన. ఎవలన్న తీసుకోండ్రి," అన్నాడు. అంజన్న కాలంలోలాగే ముట్టినవాళ్లు లేరు. జానయ్య తన చేతులు చూసుకున్నాడు. చివరికి డానియల్ లేచాడు.

"ఇయ్యి పెద్దబాపూ. నేను కడత. సిలువ ఇంకెవలన్న మోస్తరు."

సాలమ్మ ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది.

రెండు రోజులు పోయాక సాయంత్రం మెర్సీ అంబలి గిన్నె పట్టుకుని వచ్చింది. కృష్ణయ్య వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. సాలమ్మ లోపల కండ్లు మూసుకుని ఉంది.

"మామా, నువ్వు తప్పుగ అనుకోకు," అంది మెర్సీ. గిన్నె చేతిలోనే ఉంది. "మీ కొడుక్కు చెప్పలే, నేనే వచ్చిన. నాకు రెండుసార్లు కడుపు నిలవలే, నీకెరికే. ఇప్పుడు ఐదో నెల. టోపీ తెచ్చి దూలానికి తగిలేసిండు. దాని కింద పంటె నిద్ర వస్తలేదు. అందరు అనేది అబద్ధమే కావచ్చు. నాకు దేవుని మీద ఇశ్వాసం ఉంది మామా, కని భయం గూడ ఉంది."

కృష్ణయ్య చెంబులో నీళ్లు కాళ్ల మీద పోస్తూనే ఉన్నాడు. పెండ్లానికి ఇచ్చిన మాట ఒక వైపు, ఈ పిల్ల కడుపు ఒక వైపు. అప్పుడు లోపలి నుంచి సాలమ్మ పిలిచింది. నిద్రపోలేదు.

"మెర్సీ, ఇటు రా బిడ్డా."

మెర్సీ భయపడుతూ పోయి మంచం పక్కన కూర్చుంది. సాలమ్మ వాచిన చేతిని ఎత్తి ఆమె కడుపు మీద పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంచింది.

"కదులుతాంది," అంది. తర్వాత, "ఇంటికి పోయి డానియల్‌కు చెప్పు. టోపీ మా ఇంటికి పంపియ్యమను."

"అత్తమ్మా, మీకు మాటిచ్చిండు గదా..."

"నేనిచ్చిన మాట గాదు గదా, నేను ఇప్పించుకున్నది. ఇడిసిపెట్టిన. మా ఇంట్ల ఆరేటందుకు ఇంకేం దీపం ఉంది? నీ ఇంట్ల వెలగనియ్యి."

ఆమె ఆ శాపాన్ని నమ్మలేదని కాదు. నమ్మింది. నమ్మింది కాబట్టే తన ఇంటికి పిలుచుకుంది. ఇంత కాలం పూజలకు పోయినా, ఎన్ని ప్రసంగాలు విన్నా, ఇంతకు మించిన మాట మా వాడలో ఎవరమూ వినలేదు.

మరునాడు టోపీ వచ్చింది. కృష్ణయ్య దాన్ని అటక మీద పెట్టబోతుంటే, "ఇటు తే. సూది దారం గూడ తే," అంది సాలమ్మ. పెండ్లయిన కాడి నుంచి ముట్టని గిన్నెను ఒళ్లో పెట్టుకుని చుట్టూ తిప్పి చూసింది. రేకు అంచు మీద వేలు పెట్టి, "ఇదేనా నీ నుదురు కోసేది?" అంది. తన పాత చీర చింపి మడతలు పెట్టి, గిన్నె లోపల అంచు పొడవునా మెత్త పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. రేకుకు సూది దిగదు. కృష్ణయ్య మేకుతో బెజ్జాలు పొడిచి ఇస్తే ఆమె దారం తోడేది. కాస్త కుట్టి పడుకునేది. మళ్లీ లేచి కుట్టేది. చేతులు వణికి కుట్లు వంకరగా పడ్డాయి. మట్టల ఆదివారానికి గానీ కాలేదు.

"ఇన్నేండ్లు నీ నెత్తురు సూసుకుంట పసుపు పెట్టిన గని, ఈ బుద్ధి పుట్టలే సూడు నాకు," అంది దారం పంటితో కొరుకుతూ.

గుడ్ ఫ్రైడే పొద్దున సిలువ మార్గం ఆమె ఇంటి ముందుకు వచ్చేటప్పటికి మంచం గడపలోకి లాగి పెట్టారు. ముందు డానియల్ సిలువ మోస్తూ, వెనక కృష్ణయ్య కొరడా పట్టుకుని. ఆ ఇంటి ముందే ప్రభువు మొదటిసారి పడాలి. డానియల్ పడ్డాడు. కృష్ణయ్య చేయి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. కింద మట్టిలో ముఖం పెట్టుకుని డానియల్ గుసగుసలాడాడు.

"కొట్టు పెద్దబాపూ. పెద్దమ్మ సూస్తాంది."

కొట్టాడు. సాలమ్మ కండ్లు తిప్పుకోలేదు. సిలువ గుర్తు వేసుకుని, ఊరేగింపు మలుపు తిరిగే దాకా ఆ ఎర్ర జుట్టునే చూసింది.

సాయంత్రం కృష్ణయ్య నియమం తప్పలేదు. డానియల్ ఇంటికి పోయి నూనె రాసి వచ్చేసరికి, ఫాదరు గారు ఆరాధన ముగించి సాలమ్మకు సత్ప్రసాదం పట్టుకుని గడప ముందు నిలబడి ఉన్నారు. కృష్ణయ్య చేతుల గోళ్లలో ఎర్ర రంగు ఇంకా పోలేదు. నుదురు మాత్రం తెగలేదు. ఫాదరు గారిని లోపలికి పిలిచి, మంచం పక్కన మోకాళ్ల మీద నిలబడి, ఆ రోమా బంటు మాట అన్నాడు. నా కప్పు కిందికి మీరు వచ్చేంత యోగ్యత లేదు, ఒక్క మాట అనండి చాలు అని. సాలమ్మ పెదవులు కూడా కదిలాయి.

ఫాదరు గారు పోయాక ఆమె అడిగింది.

"గుట్ట మీద ఆఖరి మాట అన్నవా?"

"అన్న."

"నాకు వినవడ్డది."

గుట్ట ఎక్కడ, ఇల్లెక్కడ. మైకు ఎప్పటిలాగే ముందే బందు పెట్టారు. కృష్ణయ్యకు అది తెలుసు. ఆమెకూ తెలుసు. "అవునా," అన్నాడు.

"మంచిగన్నవు," అంది సాలమ్మ.

శనివారం తెల్లవారుతుండగా ఆమె పోయింది.

గురువారం పూజ నుంచి ఈస్టర్ జాగరణ దాకా గుడి గంట కొట్టకూడదు. ఎవరు పోయినా మా వాడలో మొదట గంట చెప్తుంది, తర్వాతే మనుషులు చెప్తారు. సాలమ్మకు గంట లేదు. ఆ రోజు బలిపూజ కూడా ఉండదు, మట్టికి ముందు వట్టి ప్రార్థనే. గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి కొయ్య గిలక పట్టుకుని వాడంతా తిప్పాడు. ఆ టకటక విని పిల్లలు ఆట ఇంకా ఉందేమోననుకుని బయటికి ఉరికి వచ్చి, పెద్దల ముఖాలు చూసి ఆగిపోయారు.

పాడె మోసినవాళ్లలో ముందు వైపు డానియల్. మిగిలిన ముగ్గురూ వెనకటి ఏండ్లలో ప్రభువు వేషం కట్టినవాళ్లే. ఒకడు జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, పండుగకు వచ్చి ఉన్నాడు. మీరే మోయండని ఎవరూ అనలేదు. వచ్చి భుజం పెట్టారు. కృష్ణయ్య వెనక నడిచాడు. చేతిలో ఏమీ లేదు. ఆ నాలుగు వీపులనే చూస్తూ నడిచాడు. బొందలగడ్డ దగ్గర దించేటప్పుడు, "మెల్లగ బిడ్డా, మెల్లగ," అన్న ఒక్క మాటే ఆయన నోట విన్నాం.

అంతా అయ్యాక ఇంటికి వచ్చి వాకిట్లో కూలబడితే, డానియల్ నీళ్లు కాగబెట్టి, ఆముదం గిన్నె పట్టుకుని వచ్చాడు. "ఒంగు పెద్దబాపూ," అన్నాడు. ఆయన వంగాడు. ఏండ్ల తరబడి బస్తాలు మోసి కాయ కాసిన ఆ భుజాలకు నూనె రాస్తుంటే, అప్పుడు ఏడ్చాడు కృష్ణయ్య.

శ్రావణ మాసంలో మెర్సీకి ఆడపిల్ల పుట్టింది. పేరు సాలమ్మ అని పెడదామంటే కృష్ణయ్య వద్దన్నాడు. "పాత పేరు, బడిల నవ్వుతరు," అన్నాడు. బిడ్డకు ఎంతో కాలం పేరు లేకుండానే 'చిన్నది' అని పిలిచారు.

మళ్లీ విభూతి బుధవారం వచ్చింది. డానియల్ పొద్దున్నే వచ్చాడు. "ఈ ఏడు నేను కడత. మెర్సీ గూడ సరే అన్నది. పెద్దమ్మ కోరిక అది."

కృష్ణయ్య టోపీ తిరగేసి లోపల చూపించాడు. వంకర కుట్లు, చెమట మరకలు పడ్డ చీర పేలికలు. "ఆమె కోరిక నాకెరికే బిడ్డా. ఉండంగ తీర్చలేకపోయిన. ఇప్పుడు ఇది ఆమె కుట్టింది. నా తలకే కుదురుతది," అన్నాడు.

ఆ ఏటి గుడ్ ఫ్రైడే సాయంత్రం ఆముదం పట్టుకుని ఆయన డానియల్ వాకిట్లోకి పోయేటప్పటికి మెర్సీ ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, ఇంకో చేత్తో పొయ్యిలో కట్టెలు ఎగదోస్తోంది. పొగకు బిడ్డ ఏడుస్తోంది.

"మామా, జర పట్టుకో," అంది. ఈస్టర్ ఇంకా రాలేదని ఆయన అనకముందే చేతుల్లో పెట్టి, నీళ్లు తోడడానికి పోయింది.

కృష్ణయ్య అట్లాగే నిలబడ్డాడు. చేతులకు ఎర్ర రంగు ఉంది. తుడుచుకుందామంటే బిడ్డను పెట్టే జాగా లేదు. బస్తా దించేటప్పటిలా మోకాళ్లు మెల్లగా వంచి గడప మీద కూర్చున్నాడు. బిడ్డ ఏడుపు ఆపి ఆయన నుదుటి మచ్చను ముట్టుకుని చూసింది. ఆయన ఒకసారి తల తిప్పి, వీధికి అవతల తాళం వేసి ఉన్న తన ఇంటి వైపు చూశాడు.